ఇంటికొక పార్శిల్

మా ఆడపడుచు ప్రత్యూషకి విశాఖపట్నం సదస్సుకి వెళ్ళడానికి గ్రాంటు వచ్చిందని మధ్యాహ్నం తెలిసింది. దీపాలు పెట్టేలోగా ఎరుకమ్మ పిన్ని ఎండుచేపల మూటతో దిగింది.

పోర్ట్‌బ్లెయిర్‌లో మావాళ్ళ రివాజది. మెయిన్‌లాండ్‌కి ఎవరు బయల్దేరినా ఇంటికొక పార్శిల్ మోయాలి, మీద పేరుతో సహా. సునామీ తర్వాత ఫోన్లు పలకనప్పుడు, అలా వెళ్ళిన పార్శిళ్ళే మేం బతికున్నామని అక్కడివాళ్ళకి చెప్పాయి. అందుకే కాదనడానికి ఎవరికీ నోరు రాదు. మా అత్తగారు సింహాచలమ్మకి అసలే రాదు. ప్రయాణం ముందురోజుకి వరండాలో నడవడానికి దారి లేదు.

ప్రత్యూష గదిలోంచి వరండాకి, వరండాలోంచి గదికి తిరుగుతోంది. సునామీకి ఫెరార్గంజ్ వైపు కుంగి ఉప్పునీళ్ళ పాలైన మావాళ్ళ పొలాల్లో తీసిన మట్టి, గొట్టాల్లో నింపి పెట్టుకుంది. కొత్తగా పరిశోధనలోకి వచ్చినవాళ్ళకిచ్చే ఆ గ్రాంటు విమానం ఎక్కిస్తుంది కానీ, విమానంవాళ్ళు పదిహేను కిలోలు మించి ఎక్కించుకోరు. ఆ బరువు దాదాపు గొట్టాలకే సరి.

"అక్కడి లాబ్‌వాళ్ళు సదస్సులో మట్టి చూసి పరీక్షకి తీసుకుంటామన్నారు వదినా. ఈ అవకాశం పోతే మళ్ళీ నన్నెవరు పంపుతారు?"

"మీ అమ్మకి చెప్పు."

"చెప్పా. సగం గొట్టాలు తీసెయ్, మట్టి ఎక్కడైనా మట్టేగా అంది."

గొట్టాల మీద ప్రత్యూష రాసుకున్న ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు. ఎవరి పొలంలో ఏది తీసిందో అడిగి, మార్కర్‌తో పెద్ద పెద్ద తెలుగక్షరాల్లో రాశాను: ఎరుకమ్మ. పోలిరాజు. కాళమ్మ. తీసుకెళ్ళి వాళ్ళవాళ్ళ మూటల పక్కనే పెట్టాను.

పిన్ని ఇంకో పొట్లం ఇరికిద్దామని వచ్చి ఆగిపోయింది. చదువు రాకపోయినా తన పేరు గుర్తుపడుతుంది.

"అరే, నా పేరున ఇదెవరిచ్చారే?"

"నీ పొలమే పిన్నీ. మళ్ళీ వరి ఎప్పటికి పండుతుందో ప్రత్యూష అడిగొస్తుందట."

పిన్ని గొట్టాన్ని ఎత్తి చూసింది. మూటని చూసింది. తర్వాత అత్తగారిని చూసింది.

"ఇంటికొకటేగా సింహాచలం?"

"ఒకటే," అన్నారు అత్తగారు. రివాజు పెట్టినవాళ్ళలో ఆవిడా ఒకరు మరి.

పిన్ని చేపల మూట చంకనెత్తుకుంది. "చేప వచ్చే ట్రిప్పుకి వెళ్తుందిలే. పిల్లా, నాది కింద పెట్టకు, పగుల్తుంది." వెళ్తూ వెళ్తూ పోలిరాజు గుమ్మంలో ఆగి గట్టిగా ఏదో చెప్పింది. చీకటి పడేసరికి వరండా ఖాళీ.

ప్రత్యూష పెట్టె కాటా మీద పెట్టింది. పదిహేను కిలోలకి చిన్న పొట్లమంత తక్కువే ఉంది. అది మూత వేసేలోగా అత్తగారు ఎండురొయ్యల పొట్లం తెచ్చి గొట్టాల మధ్య దూర్చేశారు. మీద ఆవిడ పేరు.

"అమ్మా! సదస్సులో కంపు కొడుతుంది!"

"మనకి పొలం లేదు కదే," అన్నారావిడ. "మనింటి పార్శిల్ బాకీ."