హారతి పళ్ళెంలో కొబ్బరికాయ

పండరి పల్లకీ వచ్చినప్పుడు కూడా మా శివనేరి కాలనీ బాల్కనీలు అంతగా నిండవు. ఆ రోజు గొలుసు దొంగలంటూ నలుగురు కుర్రాళ్ళ నడుములకు తాళ్ళు కట్టి పోలీసులు మా వీధిలో ఊరేగించారు. కుంటుతూ ఆగినవాడి పిక్కల మీద లాఠీ పడేది. పడ్డప్పుడల్లా పైనుంచి ఈలలు. ఎదురింటి హేమలత ఫడ్తరే పూజకని తెచ్చుకున్న బంతిపూలు తుంచి పోలీసుల మీద చల్లింది. చల్లదూ మరి! పొద్దుటి నడకలో దొంగ తెంపుకుపోయింది ఆవిడ మెడలో గొలుసే.

మూడోవాడి ముఖం చూసి చేతిలోని అటుకుల పళ్ళెం పిట్టగోడ మీద పెట్టేశాను. తానాజీ. కాలనీలో అందరి గ్యాసు పొయ్యిలూ బాగుచేసేవాడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర వంకాయలా వాచి వేలాడుతోంది.

గొలుసు పోయిందని వీధి గగ్గోలెత్తిన సమయానికి అతను మా వంటింట్లో చతికిలబడి, బర్నరు రంధ్రాలు పిన్నీసుతో పొడుస్తున్నాడు. "ఏమైంది వదినా?" అని నన్నే అడిగాడు.

మెట్ల దగ్గర హేమలతకు ఆ మాటే చెప్పాను.

"ఆ రోజు కాకపోతే ఇంకో రోజు చేసుంటాడులే వదినా. పోలీసులు ఊరికే కొడతారా?"

"ఊరికే ఎందుకు కొడతారు? నువ్వు పూలు చల్లుతావుగా."

నవ్వింది. మెచ్చుకున్నాననుకుంది.

సాయంత్రం తానాజీ భార్య సుమన్ వచ్చింది. లోపలికి రమ్మన్నా గడప దాటలేదు. "మీరొక్క మాట చెప్తే వదిలేస్తారు వదినా. చెయ్యి విరిగింది, కట్టు కూడా కట్టించలేదట. అలాగే అతుక్కుంటే ఇంక పానా పట్టలేడు. పిల్లలకేం పెట్టను?"

"మనకెందుకు" అన్నారు మా ఆయన. ఆ మాట అనడానికి ఆయన పేపరు దించాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

మర్నాడు స్టేషనుకు వెళ్ళాను. సాహెబ్ బందోబస్తుకు వెళ్ళారని చెప్పి బల్ల మీద కూర్చోబెట్టి, మధ్యాహ్నం దాటాక పంపేశారు. పక్కగదిలోంచి సాహెబ్ నవ్వు వినిపిస్తూనే ఉంది.

ఆ సాహెబే, ఇన్‌స్పెక్టర్ జగదాళే, ఆదివారం సన్మానానికి మా కాలనీకి వచ్చాడు. శాలువా కప్పారు, కొబ్బరికాయ ఇచ్చారు. హారతి నన్ను పట్టమన్నారు. నా గొప్పేం లేదు, వెండి పళ్ళెం ఉన్నది మా ఇంట్లోనే.

బొట్టు పెట్టాను. దీపం తిప్పాను. తిప్పి, పళ్ళెం చాచి అలాగే నిలబడ్డాను. మాలో హారతి అందుకున్నవాడు ఆ పళ్ళెంలో ఏదో ఒక కానుక వెయ్యాలి, లేకపోతే నామర్దా.

"అక్కయ్య వదిలేలా లేరే!" అంటూ జగదాళే జేబులు తడుముకుని, చేతిలోని కొబ్బరికాయనే పళ్ళెంలో పెట్టాడు. చప్పట్లు. ఫోన్లన్నీ మా ఇద్దరి మీదే.

"ఇది చాలదు తమ్ముడూ."

"అడగండక్కా, మీకంటేనా!"

"తానాజీ చెయ్యి కావాలి. గొలుసు పోయినప్పుడు అతను మా వంటింట్లో పొయ్యి బాగుచేస్తున్నాడు. ఆ మాట ఇక్కడే రాసుకోండి. అతన్ని ఇవాళే ఆసుపత్రికి పంపండి."

ఒక్కొక్కటిగా ఫోన్లు కిందికి దిగాయి. ఊరేగింపు నాడు ఒక్కటీ దిగలేదు.

జగదాళే లేవబోయాడు. "దీపం ఆరకముందు లేస్తే అశుభం తమ్ముడూ" అన్నాను, అప్పటికప్పుడు నాకు తోచిన శాస్త్రం. దీపంలో నెయ్యి నిండుగా ఉంది. అంతమందిలో అశుభానికి ఒడిగట్టలేక కానిస్టేబుల్ని పిలిచి, "రాసుకో" అన్నాడు, పళ్ళు కొరుకుతూ.

రాసుకున్నారు. కానీ తానాజీని వదలడానికి ఇంకో వారం పట్టింది. అప్పటికే ఎముక వంకరగా అతుక్కుంటోంది. మళ్ళీ విరిచి కట్టాలన్నాడు డాక్టరు.

"మొదటిసారి ఊరికే విరిచారు వదినా, ఇప్పుడు డబ్బులడుగుతున్నారు" అన్నాడు తానాజీ. నేను నవ్వలేకపోయాను. అతను నవ్వాడు.

ఇప్పుడు కాలనీలో ఎవరూ అతన్ని పొయ్యి బాగుచెయ్యమని పిలవరు. "ఎంతైనా తాడు పడ్డ నడుము" అంటుంది హేమలత. ఊరేగింపు వీడియో ఆవిడ ఫోనులో భద్రంగా ఉంది. ఇంటికొచ్చిన చుట్టాలకు టీతో పాటు చూపిస్తుంది.

కొబ్బరికాయ మా వంటగట్టు మీదే ఉంది. "పచ్చడి చెయ్యరాదూ" అంటారు మా ఆయన, పేపరు వెనకనుంచి. కొడదామని చేతిలోకి తీసుకుంటానా, మళ్ళీ అక్కడే పెట్టేస్తాను.