లోపలి కుర్చీ

వయోలా కమానుకి రోజిన్ జిగురుబిళ్ళ రుద్దుతూనే శ్రావ్య కాలితో బూట్లు వెతుక్కుంటోంది. క్రాన్‌బర్న్‌లో ఈ ట్రైన్ తప్పిందా, రిహార్సల్‌కి లేటు. పిలిచిన రోజుకే డబ్బులిచ్చే క్యాజువల్ ఆమె, లేటుగా వస్తే మళ్ళీ ఎవరు పిలుస్తారు?

"స్కూల్ వాళ్ళకి ఏం చెప్తున్నావే? ఇవాళే కదా లాస్ట్ డేట్," అంది తల్లి కౌసల్య, టిఫిన్ డబ్బా బ్యాగులో కుక్కుతూ.

"ఈవినింగ్ లోపు చెప్తాలే అమ్మా."

"పర్మనెంట్ జాబ్. పిల్లలకి మ్యూజిక్ నేర్పడం నామోషీయా?"

నామోషీ కాదు. మరేమిటో శ్రావ్యకే తెలియడం లేదు. ఆమె వాయించేది వయోలా, వయొలిన్ కన్నా కాస్త పెద్దది. ఫంక్షన్లలో ఆంటీలు "వయొలినా అమ్మా?" అంటే "దాని అక్క, ఆంటీ" అని నవ్వేస్తుంది. ఆర్కెస్ట్రాలో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఫోనొస్తుంది, లేకపోతే లేదు. యూనివర్సిటీ చదువు అయినప్పటినుంచీ పరాయివాళ్ళ దగ్గులమీదే బతుకుతోంది పిల్ల!

పిలిచినప్పుడల్లా లోపలి కుర్చీయే, ప్రేక్షకుల వైపుది కాదు. పక్కపక్కన కూర్చున్న ఇద్దరికీ నోట్స్ పెట్టుకునే స్టాండు ఒకటే. లోపల కూర్చున్నవాళ్ళు వాయించడం ఆపి పేజీ తిప్పాలి, బయట కూర్చున్న గ్లెనిస్ ఆపకుండా వాయిస్తుంది. అరవై దాటిన మనిషి, మాట పొదుపు. పేజీ సరిగ్గా తిప్పితే బూటు నేలకి రాస్తుంది, అదే మెచ్చుకోలు. "నా ఈ కుర్చీమీద ఆశ పెట్టుకోకు, ఏసీ గాలంతా మెడకే," అంది ఒకసారి, ఊదారంగు ఉన్ని మఫ్లర్ బిగించుకుంటూ.

ఇవాళ ఆ మఫ్లర్ కుర్చీ వీపున ఉంది, గ్లెనిస్ లేదు. "శ్రావ్యా, నువ్వు బయట కూర్చో," అన్నాడు మేనేజరు. లోపలికి ఎవరో కొత్తమ్మాయి వచ్చింది. శ్రావ్య ఎందుకని అడగలేదు. అడిగితే మళ్ళీ మార్చేస్తాడేమోనని భయం. నన్ను పరీక్షిస్తున్నారు, ఇక ఈ సీటు నాకే! టీ బ్రేక్‌లో స్కూలుకి రాలేనని ఈమెయిల్ కొట్టేసింది. బిస్కెట్ ఎంత తియ్యగా ఉందో.

బ్రేకయ్యాక మేనేజరు వచ్చి నిలబడ్డాడు. గ్లెనిస్ మొన్న నిద్రలోనే పోయింది. పెర్త్‌లో ఉన్న కూతురికి తెలిసేదాకా చెప్పొద్దన్నారట. అందరూ లేచి నిలబడ్డారు. శ్రావ్య నోట్లో ఇంకా ఆ తీపి పోలేదు. ఛీ అనిపించింది.

మళ్ళీ మొదలుపెట్టారు. పేజీ చివరికొచ్చేసరికి శ్రావ్య వాయించడం ఆపి చెయ్యి చాచింది. కొత్తమ్మాయీ చాచింది. రెండు చేతులూ కాగితం మీద కొట్టుకున్నాయి. స్టాండు దగ్గర పాట తెగిపోయింది. "సారీ," అంది శ్రావ్య, ఎవరికో. ఏడుపొచ్చింది. గ్లెనిస్ కోసమో, పొద్దుటి ఆ సంతోషానికో, ఆమెకే అర్థం కాలేదు.

రిహార్సల్ అయ్యాక, ఇంకా ఆ కుర్చీలోనే ఉండగా తల్లి ఫోను.

"చెప్పావా?"

"రానని చెప్పేశానమ్మా."

"అయ్యో, ఎందుకే?"

"ఇక్కడ కుర్చీ ఖాళీ అయింది."

"మంచిదేగా మరి! అలా ఉందేం గొంతు?"

శ్రావ్య ఫోను పెట్టేసింది. ఏసీ గాలి నిజంగానే మెడకి కొడుతోంది. వీపు వెనక్కి చెయ్యి పోనిచ్చి, సగంలో ఆపేసింది. ఊదారంగు మఫ్లర్ కుర్చీకి వేలాడుతూ ఉంది, ఒక కొసన గ్లెనిస్ వేసుకున్న ముడి ఇంకా విప్పకుండానే.