సొన మచ్చల సాక్ష్యం

మామిడికాయ తొడిమ పొడవు మానవ నాగరికతకు మూలస్తంభం. తొడిమ వేలెడు మిగిల్చి కోస్తే కాయ నిగనిగలాడుతూ మహానగరాలకు చేరుతుంది. మొదలంటా తెగితే సొన చిమ్మి కాయ నల్లబడుతుంది. అదే సొన మనిషి మీద పడితే చర్మం కాలి మచ్చ కడుతుంది. కాయ నల్లబడడం గురించి షావుకార్లు, శాస్త్రవేత్తలు తరతరాలుగా చింతిస్తూనే ఉన్నారు. మనిషి నల్లబడడం గురించి ఎవరూ పరిశోధించలేదు. ఆ లోటు తీర్చిన ఘనత సీఐ భార్గవకు దక్కింది.

వెంకటకృష్ణారావు గారి తోటలో, మోటారు షెడ్డు పక్కనున్న పుల్లమామిడి చెట్టు ఒక ఉదయం చూసేసరికి ఖాళీగా ఉంది. ఆయన సీఐకి ఫోన్ చేశారు. జీపు సియోనుపేటకు వచ్చింది. ఎందుకు సియోనుపేటకే అని ఎవరూ అడగలేదు. పట్నం చివర చర్చి చుట్టూ అల్లుకున్న ఆ క్రైస్తవుల పేటలో మగవాళ్లు తోటల్లో కాయలు కోస్తారు, ఆడవాళ్లు మార్కెట్ యార్డులో కాయలు ఏరుతారు. పోయిన ప్రతి కాయకూ రాజ్యం మొదట తట్టే తలుపు అదే.

జెరూషా యార్డుకు బయల్దేరుతోంది. ఆమె కళ్ల ముందే సీఐ ఆమె తమ్ముడు చిన్నరాయప్పను జుట్టు పట్టి వీధిలోకి లాగాడు. మొహం ఎండకు తిప్పాడు. చెంప మీద సొన మచ్చ, ఇంకా పచ్చిగా ఉంది.

“కంగారుగా కోసినోడికే సొన చిమ్ముద్ది. ఇదిగో సాక్ష్యం!” అన్నాడు సీఐ.

“కాయలు కోసేవాడి మొహాన సొన మచ్చ కాక పౌడరు ఉంటదా సార్?” అంది జెరూషా.

ఈ తర్కానికి లాఠీ బదులిచ్చింది. చిన్నరాయప్ప చేతులు జీపు బానెట్ మీద పెట్టించి వేళ్ల మీద కొట్టారు. ఆ చప్పుడు వీధి చివరి ఇంటిదాకా వినపడింది. బానెట్ మీది నెత్తుటిని ఒక కానిస్టేబులు చిన్నరాయప్ప తువ్వాలుతోనే శుభ్రంగా తుడిచి, అతన్ని జీపులో పడేశాడు.

పేటంతా వెళ్లి ఠాణా ముందు కూర్చుంది. వార్త పైకి పోయింది. పైనుంచి చీవాట్లు కిందికి వచ్చాయి. దాంతో సీఐ హృదయంలో సౌభ్రాతృత్వం పెల్లుబికింది. చర్చి మైదానంలో ‘పోలీసు–క్రైస్తవ సోదరుల మైత్రీ సభ’ ప్రకటించి, జెరూషాను పిలిపించాడు.

“మైకులో రెండు ముక్కలు చెప్పమ్మా. తమ్ముడు చెట్టు మీంచి పడ్డాడు, పోలీసులే ఆస్పత్రికి తీసుకెళ్లారు అని. అక్కడికక్కడే అప్పగిస్తా. లేదంటే ఈ ఏడాది తోటల్లో జరిగిన దొంగతనాలన్నీ వాడియ్యే.”

ఆ సాయంత్రం పేట రెండుగా చీలి వాదించుకుంది. “చెప్పేయమ్మా. ముందు పిల్లోణ్ణి ఇంటికి తెచ్చుకుందాం,” అన్నాడు తండ్రి రాయప్ప.

“ఇవాళ మీవాడు చెట్టు మీంచి పడితే రేపు నా కొడుకూ పడతాడు బావా,” అంది యార్డులో జెరూషా పక్కన కూర్చునే రేచల్. “ఆ ఠాణాలో ఎన్ని చెట్లున్నాయో!”

జెరూషా చెప్పేద్దామనే వెళ్లింది. షామియానా, పూలదండలు, గ్లాసుల్లో మామిడి రసం. “పోలీసంటే మీ ఇంటి పెద్దన్న!” అని సీఐ గంభీరంగా సెలవిచ్చాడు. చిన్నరాయప్పను కొత్త చొక్కాతో దించారు. బొత్తాలు ఎవరో పెట్టారు. ఫొటో కోసం చేతికి రసం గ్లాసు ఇచ్చారు. అది జారి నేల మీద పగిలింది. వేళ్లు వంగలేదు. ఒక కానిస్టేబులు ఇంకో గ్లాసు తెచ్చి, నవ్వుతూ అతని పెదాలకు ఆనించాడు.

జెరూషా మైకు పట్టుకుంది.

“మా తమ్ముడు చెట్టు మీంచి పళ్లేదు. ఈ పెద్దన్న లాఠీ కింద పడ్డాడు. చేతులెత్తి చూపించరా!”

అతను ఎత్తాడు. మైదానం లేచింది. కుర్చీలు గాల్లోకి, లాఠీలు జనంలోకి లేచాయి. పసిబిడ్డతో పరుగెత్తుతున్న ఆడమనిషి భుజం పగిలింది. కొడుకు మీద కవచంలా పడుకున్న రాయప్ప నెత్తిన ఒక దెబ్బ, కదలికలేని ఆ నెత్తి మీదనే మరొకటి పడింది. ఒలికిన రసంలో ఆయన నెత్తురు కలిసింది. మైత్రి అన్న బ్యానరు ఆయన మీదికే ఊడిపడింది. చిన్నరాయప్పను తిరిగి జీపులోకి ఈడ్చుకుపోయారు.

మర్నాడు చర్చిలో శవపేటిక చుట్టూ మళ్లీ వాదన. వకీలన్నారు, వినతిపత్రమన్నారు. జెరూషా తండ్రి కాళ్ల దగ్గర నుంచి లేచింది.

“సొన మచ్చుంటే దొంగేగా? సరే, మనందరం దొంగలమే. పదండి, లొంగిపోదాం.”

పచ్చికాయ తీసుకుని తొడిమ మొదలంటా విరిచి, చిమ్మిన సొనను చెంపకు అద్దుకుంది. మంటకు కళ్లు మూసుకుపోయాయి, చెయ్యి తియ్యలేదు. రేచల్ అద్దుకుంది. కాలేజీ పిల్లలు అద్దుకున్నారు. బాపులపాడు నుంచి, చింతలపూడి నుంచి కోతగాళ్లు దిగారు. లారీలకు ఎత్తే ముస్లిం హమాలీలు గడ్డాల మీదుగా పూసుకున్నారు. తోటల్లో కోత ఆగింది. పేటికను భుజానికెత్తి ఠాణా మీదికి నడిచారు.

“దొంగలం వచ్చాం సార్! రాసుకోండి!”

లాఠీలు విరిగేదాకా కొట్టారు. ముందు వరస కూలితే వెనక వరస ఆ చోటుకు వచ్చి నిలబడింది. సీఐ సిద్ధాంతం ప్రకారం ఇప్పుడు మండలాలకు మండలాలు లాకప్‌లో ఉండాలి, లాకప్ మాత్రం ఒకటే గది. పొద్దు వాలేవేళకు గేటు తెరుచుకుంది. చిన్నరాయప్ప బయటికి వచ్చాడు.

ఎవరూ కదల్లేదు. జెరూషా పేటికను ఠాణా మెట్ల మీద దింపించింది.

“తమ్ముణ్ణిచ్చారు. మా నాన్నని చంపినోణ్ణి కూడా బయటికి తెండి. అప్పటిదాకా ఈ మెట్లే మా ఇల్లు.”

సరిగ్గా ఆ వేళకే వెంకటకృష్ణారావు గారి ఇంట్లో ఒక సంగతి బయటపడింది. మోటారు షెడ్డు పక్క చెట్టు కాయలను ఆయన భార్య ప్రమీలారాణి గారే పుట్టింటివాళ్ల చేత ఆవకాయకు కోయించారు. భర్తకు చెప్పడం మరిచిపోయారు. ఓ జాడీ సీఐ గారింటికి కూడా వెళ్లింది. తిరగ కలిపినప్పుడు చూస్తే, ఉప్పు కాస్త తక్కువైందట.