ఇంజనుకి బాలింత పథ్యం

నేను ఒక డీజిల్ ఇంజనుని. ప్రస్తుతం నా పొట్ట నిలువునా కోసి ఉంది. కంగారు పడకండి, నొప్పేమీ లేదు. కోసిన అంచులకి ఎర్ర రంగు, నీళ్లు తిరిగే దారులకి నీలం రంగు పూసి, నన్నొక ఐటీఐ వర్క్‌షాపులో ఇనప స్టాండు మీద నిలబెట్టారు. పక్కన ఒక హ్యాండిల్ ఉంది. దాన్ని తిప్పితే నా పిస్టన్లు లేచి దిగుతాయి. లోపల ఏం జరుగుతుందో ఇప్పుడు ఎవరైనా చూడొచ్చు. పనిచేసినన్నాళ్లూ ఎవరూ చూడలేదు. అందుకే అప్పట్లో నా గురించి ఎవరికి తోచింది వాళ్లు అనుకునేవారు.

ఎక్కడో దూరాన ఒక ఫ్యాక్టరీలో, కరిగిన ఇనుము ఇసుక అచ్చులో చల్లారి గట్టిపడగా నేను పుట్టాను. ఒక తెల్ల కారులో బిగించి నన్ను ఈ జిల్లాకి పంపారు. మొదట చక్కెర మిల్లు ఆఫీసరు గారి దగ్గరున్నాను. ఆయన కారెక్కగానే నిద్రపోయేవారు. దిగాక మాత్రం, "బండి భలే సాఫీగా పోతుందండీ" అని కనపడ్డ వాళ్లందరికీ చెప్పేవారు. ఆ తరవాత అనకాపల్లిలో ఒక డాక్టరు గారు కొన్నారు. మనుషుల గుండె చప్పుడు కళ్లు మూసుకుని మరీ వినేవారాయన. నా చప్పుడు కాస్త తేడాగా వస్తే మాత్రం రేడియో పెద్దది చేసుకునేవారు. వాళ్లను తప్పుపట్టను. నన్ను కొనుక్కున్నారు, వాడుకున్నారు, అంతే.

నన్ను ఇంటి మనిషిగా చూసినవాడు పరదేశి. నర్సీపట్నంలో ఎన్నో ఏళ్లు ఒకరి తరవాత ఒకరి దగ్గర జీతానికి కార్లు నడిపి, చివరికి నన్ను సొంతం చేసుకున్నాడు. ఇంటికి తెచ్చిన రోజు స్టీరింగు ముందు కూర్చుని, తాళం తిప్పకుండా చాలాసేపు ఊరికే ఉండిపోయాడు. "ఏటయ్యా, తోలవా?" అని అతని భార్య నూకరత్నం అడిగితే, "ఉండవే. ఇప్పుడెల్లమని సెప్పీవోడు ఎవడూ లేడు. అది సూసుకుంతన్నాను" అన్నాడు.

పొద్దున్నే టీచర్లను ఎక్కించుకుని, మలుపులు తిరిగే కొండదారి చింతపల్లి ఘాటీ ఎక్కడం, సాయంత్రం దింపుకురావడం మా పని. ఎక్కి దిగి ఎక్కి దిగి చివరికి అరిగిపోయాను. పొగ, నీరసం, తాగిన ఆయిలు తాగినట్టే ఆవిరి. "బోరుకొచ్చీసింది, సిలిండర్ల గోడలు అరిగిపోయాయి" అన్నాడు కార్లు బాగుచేసే యాకూబు మేస్త్రి.

నూకరత్నం అన్న దేముడుబాబుకి టూరిస్టు వ్యాన్లున్నాయి. ఆ మాట చెవిన పడగానే వచ్చాడు.

"బావా, ఆ ముసల్దాన్ని పాతసామాన్లోడికి ఇచ్చీసి నా వ్యాను తోలుకోరాదేటి? నెల తిరిగితే జీతం. దానికి రోగమొస్తే నానే సూసుకుంతాను."

"ఈ ఒక్కసారికి సూడనీ బావా. బాగు సేయిస్తాను. ఈసారి కూడా మొరాయిస్తే ఇంకేటీ అనను, వచ్చి నీ తాళాలు అందుకుంతాను."

పరదేశి నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ రాత్రి అతని చెయ్యి నా బానెట్ మీదే చాలాసేపు ఉంది.

యాకూబు నన్ను ఊడదీసి ముక్కలు ముక్కలుగా పరిచాడు. సిలిండర్ల లోపలి గోడల్ని తొలిపించి బోరు చేయించాడు. ఆయిలు పట్టి నిలిచేలా ఆ గోడల మీద అడ్డదిడ్డంగా సన్నటి గీతలు పెట్టించాడు. కొత్త పిస్టన్లు, వాటి చుట్టూ కొత్త రింగులు వేశాడు. మళ్లీ బిగించి స్టార్టు చేసినప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"పరదేశీ, విను," అన్నాడు యాకూబు చేతులు తుడుచుకుంటూ. "కొత్తల్లో ఊరికే నిలబెట్టి ఆడించకు. ఒకే తీరున కూడా తోలకు. కొంచెం బరువెయ్యి. కాసేపు తొక్కు, కాసేపు వదులు. అలాగని మరీ విరగదొక్కకు."

భయంలో ఉన్న మనిషికి ఎన్ని చెప్పినా ఆఖరి మాటే మిగులుతుంది. విరగదొక్కకూడదన్నది ఒక్కటే జేబులో వేసుకుని పరదేశి ఇంటికొచ్చాడు.

ఇంటి దగ్గర అతని తల్లి గంగులమ్మ ఉంది. ఆమె మంత్రసాని. ఆ పేటలో నడివయసు వాళ్లలో చాలామంది ఆమె చేతుల్లోకి పుట్టినవాళ్లే. నన్ను విప్పి మళ్లీ కూర్చిన సంగతి కొడుకు నోట పూర్తిగా విని, బానెట్ ఎత్తించి తొంగిచూసి, "ఒళ్లంతా ఇప్పి కట్టినారు కదరా. ఇది పచ్చి బాలింతలాగే. పథ్యం ఉండాల" అని తేల్చేసింది.

నాకు పథ్యం మొదలైంది. చలిగాలి తగలకూడదని ముందువైపు గోనెపట్టా కట్టారు. చన్నీళ్లు తగలకూడదని కడగడం మానేశారు. పొద్దున్నే నన్ను స్టార్టు చేసి, నిలబెట్టినచోటే గుడగుడమని ఆడిస్తూ, గంగులమ్మ బానెట్ చుట్టూ సాంబ్రాణి ధూపం తిప్పేది. ఆ పొగలో పరదేశి చేతులు కట్టుకుని నిలబడేవాడు. తరవాత ఎవరినీ ఎక్కించుకోకుండా, చదును రోడ్డు మీద ఎద్దుబండి వెనక ఎద్దుబండిలా నడిపించి తెచ్చేవాడు. సైకిళ్లవాళ్లు దాటిపోతూ వెనక్కి తిరిగి చూసేవారు.

నూకరత్నం వంటింట్లోంచి, "నా పురుడికి కూడా ఇంత సెయ్యలేదు కదత్తా" అనేది.

"నువ్వు మూడోనాడే లేచి బిందెత్తినావు. నీకేటి సేస్తాను?" అనేది అత్త.

ఇంత ప్రేమ నా మీద అంతకుముందు ఎవరూ చూపించలేదు. అది నిజం. ఆ ప్రేమే నన్ను లోపల పాడుచేస్తోందన్నదీ నిజమే. చెప్పడానికి నాకు నోరు లేదు. కొత్త రింగుకీ కొత్త గోడకీ మొదట్లో గట్టి రాపిడి కావాలి. బరువు లాగుతున్నప్పుడు, లోపల మంట పెద్దగా మండి రింగును గోడకి ఒత్తితేనే ఆ రెండూ ఒకదానికొకటి అతుకుతాయి. నాకు బరువూ లేదు, మంటా లేదు. గోడల మీద గీతల్లో ఆయిలు మాడి పేరుకుంది. గోడ అద్దంలా నున్నబడుతోంది. రింగులు దాని మీద జారిపోతున్నాయి.

ఒక సోమవారం పరదేశి నాకు పథ్యం చాలించి, గోనెపట్టా మాత్రం అలాగే ఉంచి, టీచర్లను ఎక్కించుకుని ఘాటీకి బయలుదేరాడు. మొదటి మలుపు ఎక్కాను. రెండో మలుపు దగ్గర ఊపిరి ఆడలేదు. ఎంత లాగినా బలమంతా రింగుల పక్కనుంచి జారిపోతోంది. వెనక నీలం పొగ లేచింది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ప్రభావతి టీచరు అంది, "పరదేశీ, ఇది బాగు చేయించిన బండేనా, లేక దోమల మందు బండా?"

మూడో మలుపులో ఆగిపోయాను.

అదే దారిన, మంచు చూడ్డానికొచ్చిన జనాన్ని పైన దింపి దేముడుబాబు వ్యాను కిందికి వస్తోంది. ఆపి, మమ్మల్ని చూసి, వ్యాను వెనక్కి తిప్పి టీచర్లను ఎక్కించుకున్నాడు. పోతూ పోతూ కిటికీలోంచి తల బయటపెట్టి అన్నాడు: "రేపు పొద్దున్నే వచ్చీ బావా. తాళాలు మేకుకి తగిలించి ఉంచుతాను."

చెడ్డవాడు కాదు. మాటకి మాట గుర్తుపెట్టుకునే మనిషి, అంతే. పరదేశి నన్ను వెనక్కి తిప్పి, ఘాటీ కిందికి దొర్లించుకుంటూ నేరుగా యాకూబు షెడ్డుకి తీసుకుపోయాడు. దారి పొడుగునా ఒక్కసారి కూడా హారను కొట్టలేదు.

కబురు విని గంగులమ్మ కూడా షెడ్డుకి వచ్చింది. యాకూబు పొగ వాసన చూశాడు, ఆయిలు తీసి చూశాడు, ఎలా నడిపావని అడిగాడు. పరదేశి గోనెపట్టా దగ్గర్నుంచి సాంబ్రాణి దాకా ఒక్కటీ విడిచిపెట్టకుండా చెప్పాడు. సగం చెప్పేసరికే యాకూబు బోర్లించిన డబ్బా మీద కూలబడ్డాడు.

"పెద్దమ్మా, బాలింతని ఎన్నాళ్లు మంచం మీద ఉంచుతావు నువ్వు?"

"ఎన్నాళ్లేటి? పురుడు కడిగీసినాక లేపి నడిపిస్తాం. పనీపాటా లేకపోతే ఒళ్లు బిగిసిపోదేటి? మళ్లీ మనిషవుద్దేటి?"

"మరి దీన్ని లేపలేదేం?"

గంగులమ్మ కొడుకు వైపు చూసింది. నా వైపు చూసింది. ఎన్నో పురుళ్లు పోసిన ఆమె చేతులు మొదటిసారి ఏం చెయ్యాలో తెలియక కొంగు పట్టుకున్నాయి.

"నానే సెడగొట్టినానేటి బావూ?" అంది మెల్లిగా. "ఇంక మించిపోనాదా?"

"మించిపోతే మళ్లీ విప్పాలి. మళ్లీ విప్పించే ఓపిక వీడికి లేదు," అన్నాడు యాకూబు. "ఒక దారుంది. ఆయిలు మారుస్తాను. నిండా బరువేసుకుని ఘాటీ ఎక్కండి. తొక్కాలి, వదలాలి, మళ్లీ తొక్కాలి. పొగ తగ్గిందా, బతికింది. తగ్గలేదా, పాతసామాన్లోడికి కబురెట్టుకోండి."

ఇసక బస్తాల కోసం పరదేశి అటూ ఇటూ చూస్తుండగానే గంగులమ్మ రోడ్డు మీదకి వెళ్లి నిలబడింది. టీ కొట్టు సూరిబాబు, భారీ మనిషి, కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఒరే సూరిగా! నువ్వు అడ్డం తిరిగి రానని మొండికేస్తే తిప్పి లాగిందెవరు?"

"నువ్వే కదవ్వా. రోజూ సెప్తావు."

"ఎక్కు బండి."

మార్కెట్లో బస్తాలు మోసే కవల అన్నదమ్ములు ఆ పక్కనే పోతున్నారు. "మీరిద్దరూ ఒకేసారి వచ్చి నా పేణం తీసినారు. ఇప్పుడు ఇద్దరూ ఒకేసారి ఎక్కండి." సూరిబాబు పక్కన వాళ్లిద్దరూ ఇరుక్కునేసరికి నా కారు వెనక భాగం నేలకి వంగింది. డిక్కీలో యాకూబు పాత గేర్‌బాక్సొకటి వేశాడు. గంగులమ్మ ముందు సీట్లో, కొడుకు పక్కన కూర్చుంది. కూర్చునే ముందు నా ముఖం మీది గోనెపట్టా తనే విప్పి ఒళ్లో పెట్టుకుంది.

ఘాటీ మొదట్లో పరదేశి పాదం వెనక్కి వెనక్కి పోవడం నాకు తెలిసింది. కొద్దిగా నొక్కి, వెంటనే వదిలేస్తున్నాడు. వెనక పొగ కమ్ముతోంది.

"తొక్కరా," అంది గంగులమ్మ.

"ఇరిగిపోతాదేమోనమ్మా. ఇది పోతే..."

"పోతే పోనీ. పడుకోబెట్టి సంపీకంటే మేలు కాదేటి? తొక్కు!"

తొక్కాడు. ఏళ్ల తరబడి నన్ను అంత గట్టిగా అడిగినవాళ్లు లేరు. నా లోపల మంట ఒక్కసారి భగ్గుమంది. రింగులు గోడల్ని ఒరుసుకున్నాయి. ఆ రాపిడి బాధో సుఖమో నేను చెప్పలేను. రెండో మలుపు దగ్గర బలం మళ్లీ జారబోయింది. అప్పుడు గంగులమ్మ డాష్‌బోర్డు మీద అరచేయి వేసి, ఎక్కడుందో మరిచిపోయి, పురిటిగదిలో కేకేసినట్టు కేకేసింది:

"ముక్కమ్మా, ముక్కు! నా తల్లివి కదూ, ఇంకొక్కసారి ముక్కు!"

వెనక కవలలిద్దరూ పగలబడి నవ్వారు. పరదేశి నవ్వలేదు. అతని పాదం మాత్రం వెనక్కి పోవడం మానేసింది. తొక్కాడు, వదిలాడు, తొక్కాడు. మూడో మలుపు వచ్చింది, పొద్దున్న నేను ఆగిపోయిన చోటు. దాన్ని దాటిపోయాను.

"అవ్వా, పొగ పల్సబడతన్నాది," అన్నాడు సూరిబాబు వెనక అద్దంలోంచి చూస్తూ. ఇంకొన్ని మలుపులయ్యాక, "ఏదీ, పొగేదీ?" అన్నాడు.

పైకి చేరాక పరదేశి నన్ను ఆపి, దిగి, వెనక్కి వెళ్లి, సైలెన్సరు ముందు గొంతుక్కూర్చున్నాడు. కళ్లు మండే పొగేమీ లేదు. అయినా తుడుచుకున్నాడు. గంగులమ్మ ఆ గోనెపట్టాని రోడ్డు పక్కన పరుచుకుని కూర్చుని, "సూరిగా, ఇక్కడైనా నువ్వు టీ ఇప్పిస్తావా లేదా?" అంది.

మర్నాడు పొద్దున్న పరదేశి దేముడుబాబు తాళాలకి వెళ్లలేదు. ప్రభావతి టీచరు ఎక్కుతూ బానెట్ వంక అనుమానంగా చూసింది. దిగేటప్పుడు మాత్రం, "రేపు కూడా ఇదే టైముకి రా" అంది.

ఆ తరవాత చాలా ఏళ్లు లాగాను. గంగులమ్మ పోయింది. కారు బాడీ తుప్పుపట్టి నాకంటే ముందే రాలిపోయింది. పరదేశి నన్ను పాతసామాన్లవాళ్లకి ఇవ్వడానికి ఒప్పుకోలేదు. పిల్లలు నేర్చుకుంటారంటే ఇక్కడికి తెచ్చి ఇచ్చాడు. కోసేటప్పుడు మాత్రం బయటికి వెళ్లిపోయాడు.

ప్రతి దసరాకీ వస్తాడు. నాకు బొట్టు పెట్టి, కాసేపు బెంచీ మీద కూర్చుంటాడు. మొన్న దసరాకి వచ్చినప్పుడు ఇక్కడ చదువుకునే అమ్మాయొకతె నా హ్యాండిల్ పట్టుకుని ఎంతో జాగ్రత్తగా, గాజుబొమ్మని తిప్పినట్టు తిప్పుతోంది. పరదేశి చెయ్యి ఎత్తాడు. "నెమ్మదిగా తల్లీ, నెమ్మదిగా..." అనబోయి ఆగాడు. నా వైపు చూశాడు. ఎత్తిన చెయ్యి దించేశాడు.

"కాదులే తల్లీ," అన్నాడు. "గట్టిగా తిప్పు. దానికేటీ అవదు."