పదకొండు తలల మొక్కు

మా ఆయన ధనకోటి మేనేజరని చెబితే చుట్టాలందరూ ఏ బ్యాంకులో అని అడుగుతారు. ఫుట్‌బాల్ టీముకి అనగానే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. పందొమ్మిదేళ్ళు తిరువళ్ళూరు జట్టులో డిఫెండరుగా గోలు ముందర గోడలా నిలబడ్డ మనిషి! ఆయన్ని దాటి బంతి తీసుకుపోవడం ఎంత కష్టమో మింజూరు నుంచి అరక్కోణం దాకా ఆడేవాళ్ళందరికీ తెలుసు. అన్నేళ్ళలోనూ ఆయన కొట్టిన గోలు ఒకే ఒక్కటి, అదీ పొరపాటున సొంత జట్టు గోలులోనే కొట్టాడు. ఆ ఊసు మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

మోకాలు అరిగిపోయాక ఆట మానేసి నా కొట్లో కూర్చున్నాడు. బజారు వీధిలో మాది స్టీలు సామాన్ల కొట్టు. ఈయన వ్యాపారానికి పనికిరాడని మూడో రోజుకే తెలిసిపోయింది. గుమ్మంలో కాళ్ళు ఎడంగా పెట్టుకుని, ఎవరూ లోపలికి రాకూడదన్నట్టు నిలబడేవాడు. పైగా ఆ మీసం! పెళ్ళిచూపులకి వచ్చేనాటికే ఉంది, కొసలు మెలితిరిగి చెంపల దాకా పోయేది. బిందె కొందామని వచ్చిన ఆడవాళ్ళు ఆయన్ని చూసి ఎదురు కొట్టుకి వెళ్ళిపోయేవాళ్ళు. అందుకే తిరుత్తణిలో రైసుమిల్లు నడిపే వేలాయుధం గారు తన జట్టుకి మేనేజరుగా రమ్మన్నప్పుడు ఆయనకన్నా నేనే ఎక్కువ సంబరపడ్డాను.

పాపం, తనకి వచ్చిందే కదా నేర్పుతాడు. రెండేళ్ళ పాటు వాళ్ళు ఏ ఆట ఆడినా సున్నా సున్నానే. మూడో ఏడు శ్రీరాఘవ్ అనే కుర్రాడు జట్టులో చేరాడు. బైకు షోరూములో పని, నుదుటి మీద పడే జుట్టుకి రాగి రంగు, కాళ్ళలో మాత్రం మహా చురుకు. వాడు వరసగా గోల్స్ కొడుతుంటే జట్టు జిల్లా లీగు ఫైనలు దాకా వచ్చేసింది. అప్పుడు వేలాయుధం గారు ఖండితంగా చెప్పేశారు. కప్పు వస్తే ధనకోటి ఉంటాడు, రాకపోతే వేరే మేనేజరు వస్తాడు.

ఆ మాట విన్నాక ఆయన రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. నేను మాత్రం తిన్నానా? మళ్ళీ కొట్లోకి వస్తే కొట్టు గతేమిటని ఒక భయం. అంతకన్నా పెద్ద భయం, మైదానం లేకపోతే ఈ మనిషి మనిషిగా ఉండడని.

పెద్ద ఆట ఉందంటే తిరుత్తణి కొండెక్కి మురుగన్‌కి తలనీలాలు మొక్కుకోవడం ఆయనకి మొదటి నుంచీ అలవాటు. ఇచ్చీ ఇచ్చీ ముప్పై ఐదేళ్ళకే నెత్తిమీద జుట్టు మొలవడం మానేసింది. ఈసారి కొండ దిగి వచ్చి, ఏదో ఘనకార్యం చేసినవాడిలా మీసం దువ్వుకున్నాడు.

"ఏమి మొక్కినావు?" అని అడిగాను.

"నాకు యాడుండాది మొక్కేదానికి? పిల్లోళ్ళవి మొక్కేసినా. కప్పు గెలిస్తే పదకొండు మందికీ మొట్టై."

"వాళ్ళని అడిగినావా?"

"అడిగేదేముండాది? ఎనక్కి రమ్మంటే వస్తారు, ముందరికి పొమ్మంటే పోతారు. సామి పనికి కాదంటారా?"

నిజం చెప్పొద్దూ, నాకూ అదేమంత తప్పుగా తోచలేదు. మా వైపు మొట్టై అనే ఆ గుండు కొట్టించుకోని వాళ్ళెవరు?

ఆదివారం సాయంత్రం మా తిరువళ్ళూరులోనే మింజూరు జట్టుతో ఫైనలు. కొట్టు మూసేసి వెళ్ళాను. నా పక్కన కడంబత్తూరు అమ్మాయి విద్యాలక్ష్మి కూర్చుంది, శ్రీరాఘవ్ చేసుకోబోయే పిల్ల. ఆట మొదలైన పావుగంటకే మింజూరు వాళ్ళు ఒక గోలు కొట్టేశారు. మన శ్రీరాఘవ్‌కి రెండుసార్లు బంతి గోలు ముందరే దొరికింది. ఒకటి ఆకాశంలోకి తన్నాడు, ఇంకోటి వాళ్ళ గోల్‌కీపరు చేతుల్లో పెట్టాడు. ఈ మోకాళ్ళ నొప్పులతో నేనైనా కొట్టేదాన్ని!

"ఏమొచ్చింది ఈ పిల్లోడికి? కాళ్ళు యాడ పెట్టి వచ్చినాడు?" అని అరిచాను.

పక్కనున్న పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "తిట్టొద్దు అక్కా. శుక్రవారం మాకు నిశ్చితార్థం. గెలిస్తే బుధవారమే మొట్టై అంట. మా నాయనకి ముందే ఈ సంబంధం సగం ఇష్టం, సగం లేదు. గుండుతో వచ్చి ఆయన ముందర నిలబడేది ఎట్లని శ్రీరాఘవ్ ఫోన్లో ఏడ్చినాడు అక్కా. సామికి మొక్కినాక కాదనేదానికీ భయమే."

విరామానికి విజిల్ వేయగానే మెట్లు దిగి, అడ్డం వచ్చినవాళ్ళని తోసుకుంటూ జట్టు కూర్చున్న షామియానాలోకి దూరాను. మా ఆయన బోర్డు మీద గీతలు గీస్తున్నాడు.

"ఏమయ్యా, ఎవరి జుట్టు నువ్వు మొక్కింది?"

"పుష్పా, ఇది ఆట టైము. గమ్మున ఉండు."

"ఉండను! గెలిస్తే ఆ పిల్లోడి జుట్టు పోతాది, ఓడితే నిలుస్తాది. ఏ కాలితో తన్నమంటావు వాణ్ణి?"

శ్రీరాఘవ్ తల వంచుకున్నాడు. "సత్యంగా కావాలని తన్నలేదు సార్. కాలే పోలేదు," అన్నాడు. గోల్‌కీపరు కార్తికేయన్ మెల్లగా చెయ్యెత్తి, "నాకు గూడా ఇష్టం లేదు సార్," అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు, అందరి చేతులూ లేచాయి.

"ఒక మాట చెప్పుండకూడదా రా?" అన్నాడు మా ఆయన.

"మీరు అడగలేదు కదా సార్," అన్నాడు కార్తికేయన్.

ఆయన నీళ్ళ డబ్బా మీద కూలబడ్డాడు. చిన్నపిల్లాడిలా నా వైపు చూశాడు. "సామికి ఇస్తానని ఇయ్యకపోతే ఎట్ల పుష్పా?"

"ఇయ్యి, ఎవరొద్దన్నారు? నీది నువ్వియ్యి."

"నా దగ్గర యాడుండాది?" అంటూ నున్నటి నెత్తిని తడుముకున్నాడు. ఆ చెయ్యి కిందికి జారి, మీసం దగ్గర ఆగిపోయింది. అందరం చూశాం. నాకే వద్దని అరవాలనిపించింది.

"ఇది పోతాది," అన్నాడు లేచి నిలబడి. "మీ తలలు మీకే. సామితో నేను మాట్లాడుకుంటా. పోండి రా, పోయి ఆడండి!"

తర్వాత ఆడిన ఆట నేను జన్మలో మరచిపోను. శ్రీరాఘవ్ పది నిమిషాల్లో ఒకటి, ఆఖరి విజిల్‌కి ముందు ఇంకొకటి కొట్టాడు. రెండు ఒకటితో కప్పు మనది! వేలాయుధం గారు వచ్చి, వచ్చే ఏటికీ నువ్వే అని మా ఆయన్ని గట్టిగా వాటేసుకున్నారు.

బుధవారం కొండ మీద మంగలి నిజంగానే తియ్యమంటారా అని మూడుసార్లు అడిగాడు. ఈయన కళ్ళు గట్టిగా మూసుకుని ఊఁ అన్నాడు. తీశాక చూస్తే, పొట్టు తీసిన చామదుంపలా ఉంది మొహం. నవ్వు ఆపుకోలేకపోయాను. మెట్లన్నీ దిగేదాకా నాతో మాట్లాడలేదు.

శుక్రవారం కడంబత్తూరులో నిశ్చితార్థానికి వెళ్ళాం. మండపం గుమ్మంలోనే పెళ్ళికూతురి తండ్రి అడ్డం వచ్చి, "మీరు ఎవరి తరపు?" అని అడిగాడు. జిల్లాలో ఇంకా ఇలా అడిగేవాడున్నాడా! నేను నోరు తెరిచేలోపే, శ్రీరాఘవ్ పట్టుచొక్కాతో వేదిక దిగి పరుగెత్తుకొచ్చి, మా ఆయన కాళ్ళకి దండం పెట్టాడు.

"మామా, ఈయనే మా మేనేజర్ సార్. ఈ జుట్టు నా నెత్తిన ఉండాదంటే సార్ ఇచ్చిందే," అన్నాడు.

నేను మా ఆయన మొహంలోకి చూశాను. పై పెదవి వణుకుతోంది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఈ మనిషికి ఏడుపన్నదే రాదనుకున్నాను. మా మామగారు పోయిన రోజున, ఆట మానేసి బూట్లు అటక మీద పెట్టేసిన రోజున, ఏడ్చింది నేనే. ఈయన మీసంతో నిలబడి ఉన్నాడు. అప్పుడూ ఈ పెదవి ఇలాగే వణికి ఉంటుంది, నాకే కనబడలేదు.

ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"మళ్ళీ పెంచొద్దులే అయ్యా," అన్నాను.