మద్రాసు కాలు

సుంకులమ్మ మొగుడు పుల్లన్నకు నోరు ఊరుకోదు. అది ఊరుకుని ఉంటే ఈ కథే జరిగేది కాదు.

వాళ్లది మైలవరం డ్యాం దిగువన చిన్న ఊరు. గొర్రెలే జీవనం. ఈ ఊరికి మిద్దింటాయన పెద్ద. ఏటవతలి ఊరికి తోటింటాయన పెద్ద. హైదరాబాదులో ప్రభుత్వం మారినప్పుడల్లా వీళ్లూ జెండాలు మార్చేవారు గానీ, ఇద్దరూ ఒకే జెండా కింద ఏనాడూ లేరు. పుల్లన్నకు ఏ జెండా లేదు. అయితేనేం, ఉండేది ఈ ఊళ్లో కాబట్టి మిద్దింటోళ్ల మనిషే అని జనం లెక్క వేసేశారు.

పోయిన ఏడు ఏటి ఒడ్డున గొర్రెలు మేపుతుంటే ఇసకలో పూడ్చిపెట్టిన బాంబుల బకెట్టు మీద కాలు పడింది. ఎవరికోసమో దాచిన బాంబులు. కుడికాలు మోకాటి కింద నుంచి పోయింది. కర్నూలు పెద్దాసుపత్రిలో నెలలు పడివుండి ఇల్లు చేరాడు. చేరినాక వింత ఏమిటంటే, లేని కాలు నొప్పి పుట్టేది. నిద్రలో లేచి కూర్చుని, "మేయ్, బొటనవేలు సలుపుతాంది, కొంచెం పిసుకు" అనేవాడు. సుంకులమ్మ మొదట్లో ఏడ్చింది. తర్వాత్తర్వాత దుప్పటి మీద ఆ వేలు ఉండాల్సిన చోట ఉత్తినే పిసకడం నేర్చుకుంది.

పగలంతా మంద వెంట ఆమే తిరగాలి. ఎండలో తిరిగి తిరిగి ఇల్లు చేరితే మంచంలో మొగుడు. కంచం దగ్గరికి డేకుతూ వచ్చేవాడు. ఒకరోజు సంగటి ముద్ద ముందు పెట్టుకుని, "డేకతా బతికేదానికన్నా ఆ పొద్దు ఏటికాడనే పోయింటే బాగుండు" అన్నాడు.

ఇంతలో ప్రొద్దుటూరులో ఎవరో ధర్మాత్ములు కాళ్లు లేనివాళ్లకు శిబిరం పెట్టారు. డాక్టరు కొలతలు తీసుకుని, "మద్రాసులో తయారు చేయించి పోస్టులో పంపిస్తాం. ఇన్సూర్ చేస్తాం, భయం లేదు. పోయినా డబ్బు వస్తుంది" అన్నాడు.

"దుడ్లు కాళ్లకు కట్టుకొని నడుస్తాడా సారూ? పోకుండా పంపీ" అంది సుంకులమ్మ.

ఇక పుల్లన్న నోటి సంగతి. కట్టెకాలు వస్తుందని చెప్పుకోవడానికి ఆయనకు నామోషీ. చెప్పకుండా ఉండనూ లేడు. టీ అంగడి దగ్గర కర్ర ఆనించుకుని కూర్చుని, "మద్రాసు నుంచి ఒగటి వస్తాంది. రానీ. వచ్చినాక చూడండి పుల్లన్నంటే ఏందో" అనేవాడు. మీసం కూడా దువ్వేవాడట. బాంబులో కాలు పోగొట్టుకున్న మనిషి మద్రాసు నుంచి ఒకటి తెప్పించుకుంటున్నాడంటే ఆ రోజుల్లో మా పక్క దానికి ఒకటే అర్థం. మాట ఏరు దాటడానికి ఎంతసేపు పడుతుంది?

పార్సిలు జమ్మలమడుగు దాకా క్షేమంగానే వచ్చింది. మూరన్నర పొడుగు, గట్టి అట్టపెట్టె, లక్క ముద్రలు. దాన్ని టపా సంచిలో వేసి మధ్యాహ్నం బస్సుకు ఎక్కించారు. ఊరి బయట కల్వర్టు దగ్గర, ముఖాలకు టవళ్లు చుట్టుకున్న ఇద్దరు బస్సు ఆపారు. ఎవరినీ కొట్టలేదు, ఎవరి జేబూ తడమలేదు. టపా సంచి ఒక్కటే పట్టుకుని ఏటి వైపు పోయారు.

ఊరి పోస్టాఫీసు చూసే లాల్ బాషా ఉత్త చేతులతో సుంకులమ్మ ఇంటికొచ్చాడు. "వదినా, అన్న కాలు పోయింది" అన్నాడు.

"పోయి ఏడాదాయె కదప్పా."

"అది కాదు వదినా. ఈ కాలు."

సుంకులమ్మ గడప మీద కూలబడింది. లోపల పుల్లన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఎన్నడూ ఊరుకోని నోరు ఆ రోజు మూతపడింది. ఆమెకు అదే ఎక్కువ భయమేసింది.

తర్వాత జమ్మలమడుగు నుంచి పోస్టల్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మంచివాడే. రెండు వేలకు ఇన్సూరు ఉంది, క్లెయిము పెట్టుకుంటే డబ్బు ఇప్పిస్తానన్నాడు. పోలీసు కేసు కాగితం జత చేయాలి. కాలు పోయిందని రాసి డబ్బు తీసుకుంటే దాని కథ అక్కడితో ముగిసినట్టే.

"మళ్లా కాలు?" అడిగింది సుంకులమ్మ.

"మళ్లీ శిబిరం పెట్టినప్పుడమ్మా. ఎప్పుడు పెడతారో నాకు తెలియదు."

ఈ మాట విని మిద్దింటాయన తానే ఇంటికి నడిచొచ్చాడు. అంతకు ముందు ఎన్నడూ ఆ గడప తొక్కని మనిషి, వచ్చి పుల్లన్న మంచం మీదే కూర్చున్నాడు. "కేసు పెట్టు పుల్లన్నా. ఎవరెవరి పేర్లు రాయాల్నో నేను చెప్తా. నువ్వు వేలిముద్ర వేస్తే చాలు. ఎన్నికల లోపల ఆ తోటింటోళ్లను జైల్లో తోయిస్తా" అన్నాడు.

పుల్లన్న పెళ్లాం వైపు చూశాడు. సుంకులమ్మకు కడుపు మండిపోయింది. బాంబు కేసప్పుడూ ఇట్లాగే పేర్లు రాయించారు. జైలుకు ఒక్కడూ పోలేదు గానీ, పది రోజులు తిరగకముందే తమ దొడ్డి తగలబడింది. సూడి గొర్రెలు మాడిపోయిన వాసన ఆమె ముక్కుకు ఇంకా తెలుస్తూనే ఉంది. ఈసారి మనుషులే కాలొచ్చు.

"ఆలోచన చేస్కోని చెప్తాం పెద్దాయనా" అంది.

మరుసటి రోజు గొర్రెల్ని తోడికోడలికి అప్పజెప్పి ఏరు దాటింది. ఫ్యాక్షను రోజుల్లో మగవాడు దాటలేని చోట ఆడది దాటగలదు. ఉప్పుకూ పప్పుకూ ఆసుపత్రికీ తిరిగేది ఆడవాళ్లే. ఆడదాని మీద ఏ పక్షమూ చెయ్యి వేసేది కాదు. అయినా తోటింటి గేటు దగ్గర ఆమెకు వెనక్కి తిరిగిపోదామా అనిపించింది. అబద్ధం ఎందుకు?

తోటింటాయన వరండాలో వక్క నములుతున్నాడు. వెనక నలుగురు కుర్రాళ్లు నిలబడి ఉన్నారు.

"ఎవురు తీసినారని అడగనీకి రాలేదు పెద్దాయనా. ఆ సంగతి నాకు వద్దు. నా మొగుని కాలు యాడుందని అడగనీకి వచ్చినా" అంది.

"ఏం కాలు?"

"మద్రాసు కాలు. కట్టెది. మీ వాళ్లు తుపాకీ అనుకున్నెట్టుండారు."

వెనక నిలబడ్డ వాళ్లలో సన్నగా పొడుగ్గా ఉన్న ఒకడు నేల చూపులు చూశాడు. వాడి పేరు నారాయణ. తోటింటాయన వాడి వైపు తిరిగి, "చెప్పరా" అన్నాడు.

"విప్పేటప్పుడు పేలుతాదేమోనని పెట్టెను అట్లనే తొట్టి నీళ్లలో ముంచినాం. రెండు రోజులు నాననిచ్చి తీస్తే కాలు" అన్నాడు నారాయణ. నేల చూస్తూనే, "లోపల ఏమన్నా దాచినారేమోనని పిక్క కాడ రంపంతో కోసి చూసినా. ఏం లేదు" అన్నాడు.

సుంకులమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తిట్టాలని మాత్రం బాగా ఉంది. "ఒగ కాలు తీసినారు. ఇంగో కాలన్నా ఉండనీయరా మీరు? మేం ఏం పాపం చేసినాం పెద్దాయనా మీకు?" అంది. "ఆయన మళ్లా గొర్రెల ఎంట నడవాల. లేకుంటే మంచంలోనే ప్రాణం వదుల్తాడు. నా మొగుణ్ని నాకియ్యండి. కేసు పెట్టం. ఎవురు చెప్పినా పెట్టం."

తోటింటాయన వక్క ఉమ్మేశాడు. "పొద్దున్నే నీ దొడ్డికాడ ఉంటాది పో. ఎవురు పెట్టినారని చూడాకు" అన్నాడు.

"చూసే తీరిక నాకు యాడుంది?" అంటూ ఆమె వెనుదిరిగింది.

అన్నమాట ప్రకారం కాలు వచ్చింది, గోనెపట్టలో చుట్టి. కట్టె ఉబ్బింది. తోలు పట్టీలు ఎండి చెక్కల్లా బిగుసుకుపోయాయి. పిక్క దగ్గర వేలు దూరేంత కోత. పుల్లన్న దాన్ని ఒళ్లో పెట్టుకుని, చచ్చిన గొర్రెపిల్లను తడిమినట్టు తడిమాడు. తర్వాత ఆముదం తెమ్మన్నాడు. కిర్రు చెప్పులను మెత్తబరిచినట్టే రోజూ ఎండలో కూర్చుని పట్టీలకు ఆముదం పట్టించాడు. ఉబ్బిన చోట చిత్రిక పట్టాడు. కోతలో లక్క కాచి పోశాడు.

ఇన్‌స్పెక్టరు మళ్లీ వచ్చాడు. దెబ్బతిన్నదానికి కూడా కొంత క్లెయిము వస్తుంది, ఎట్లా దెబ్బతినిందో రాయాలన్నాడు.

"వానకు తడిసింది అని రాసుకోండి" అంది సుంకులమ్మ.

"ఇక్కడ వాన పడి ఎన్నాళ్లయిందమ్మా?"

"అయితే ఏమీ రాయాకు సారూ. పార్సిలు ముట్టిందని రాసుకో."

ఆయన లాల్ బాషా వైపు చూశాడు. లాల్ బాషా పైకప్పు వాసాలు చూస్తున్నాడు. ఇన్‌స్పెక్టరు నవ్వాపుకుని ముట్టిందని రాసుకున్నాడు. మిద్దింటాయనకు మాత్రం కోపమొచ్చింది. ఆ ఎండాకాలం తన చేలల్లో పుల్లన్న మందను కట్టనివ్వలేదు. ఎరువు పోయినా సరే, పంతం పంతమే. ఆ ఏడు మంద కట్టినందుకు వచ్చే గింజలు లేక ఇద్దరూ చాలా పూటలు గంజితో సరిపెట్టుకున్నారు. అయినా పుల్లన్న గోడ వైపు తిరిగి పడుకోవడం మానేశాడు. సుంకులమ్మకు అదే పండగ.

మొదట దొడ్డి దాకా, తర్వాత చెరువు కట్ట దాకా, చివరికి ఏటి దాకా నడిచాడు. అడుగు వేసినప్పుడల్లా కాలు కిర్రుమనేది. గొర్రెలకు ఆ చప్పుడు అలవాటైంది.

ఒక పొద్దు మొగుడూ పెళ్లాం ఇద్దరూ మందను ఏటి ఒడ్డుకు తోలుతుంటే అవతలి గట్టు నుంచి ఒకడు ఇసకలో దిగి వస్తూ కనిపించాడు. నారాయణ. ఒంటరిగా, ఉత్త చేతులతో వచ్చాడు. సుంకులమ్మ చేతిలో కర్ర గట్టిగా పట్టుకుంది.

వాడు దగ్గరికొచ్చి పుల్లన్న కాలి వైపు, లక్క పోసిన కోత వైపు చూశాడు.

"ఆడ కోసింది నేనే మామా" అన్నాడు. "నొప్పి చేస్తాందా?"

తిక్క ప్రశ్న. కట్టెకు నొప్పేంది? సుంకులమ్మ కసురుదామని నోరు తెరిచింది గానీ, వాడి ముఖం చూసి ఆగింది. మీసాలు కూడా సరిగ్గా రాని ముఖం.

"ఇది చేయదులేరా" అన్నాడు పుల్లన్న. "పాతదే. లేని కాలే, ఇప్పటికీ నిద్ర పోనీయదు."

వాడు తల వంచుకుని అక్కడే నిలబడ్డాడు. గొర్రెలు వాళ్లను దాటుకుని, తుంగ పచ్చగా ఉన్న మడుగు వైపు ఒక్కొక్కటే నడుస్తున్నాయి.

"మామా" అన్నాడు చివరికి, ఎవరైనా వింటున్నారేమోనని గట్టు వైపు చూస్తూ. "ఆ తుంగ పక్కకు తోలాకు."

సుంకులమ్మ పరుగెత్తింది. పుల్లన్న కూడా ఆ కాలితోనే పరుగెత్తి, ముందు నడుస్తున్న పొట్టేలుకు అడ్డం పడి మందను వెనక్కు తిప్పాడు.