గోడ మీద గ్లాసు

సాయంత్రం ఆరయ్యేసరికి ధర్మవరం నేతోళ్ళ వీధిలో మగ్గాల చప్పుడు ఆగిపోతుంది. సరిగ్గా అప్పుడే హనుమప్ప ఇంటి గోడ మీదున్న స్టీలు గ్లాసు కిందికి దిగి, టకటకమంటూ చర్చి వీధి వైపు నడిచిపోతుంది. ఆటోవాళ్ళు బ్రేకు వేస్తారు. "గ్లాసు వస్తాండాది, పక్కకు జరుగమ్మా," అని పూలమ్మే తిమ్మక్క బేరానికొచ్చినవాళ్ళను హెచ్చరిస్తుంది. ఏడింటికి అది తిరిగొచ్చి మళ్ళీ గోడెక్కి కూర్చుంటుంది. ఏడాదిగా ఇదే వరస.

ఆ గ్లాసును కదిరి తేరు తిరునాళ్ళలో కొన్నవాడు తిరుపాల్. అతను పట్టుకు రంగులద్దుతాడు, హనుమప్ప ఆ పట్టుతో చీరలు నేస్తాడు. రంగుపట్టు తెచ్చిన తిరుపాల్‌కు గడప బయటే నీళ్ళిచ్చేవాళ్ళు. అతను కొన్న ఆ గ్లాసునే అతనికంటూ వేరుగా గోడ మీద పెట్టేవాళ్ళు. సాయంత్రమైతే అదే గ్లాసు ఇద్దరితో పాటు బ్రాందీ షాపు వెనక కానుగ చెట్టు కిందికి చేరేది. సగం ఒకడు, సగం ఇంకొకడు. "సగం కంటే ఎక్కువే తాగినావు కదరా" అని రోజూ తగువు. ఇరవై ఏళ్ళలో ఎవరి ఎంగిలి ఎవరు తాగుతున్నారని ఆ చెట్టు కింద అడిగిన పాపాన పోలేదు ఎవరూ.

ఏడాది కిందట ఇద్దరూ బాగుపడ్డారు. హనుమప్ప అయ్యప్ప మాల వేసుకున్నాడు, మాల తీశాక కూడా మందు ముట్టలేదు. ఆ నెలలోనే తిరుపాల్ చర్చిలో మోకరిల్లి మానేశాడు. ఊరంతా మెచ్చుకుంది. దేవుళ్ళు ఎవరి మనిషిని వాళ్ళు బాగుచేసుకున్నారు గానీ, ఆ ఇద్దరూ కలిసి కూర్చునే చోటు మాత్రం చూపించలేదు. పట్టు కూడా ఇప్పుడు షావుకారు మనిషే బండి మీద తెచ్చిస్తున్నాడు.

హనుమప్పకు తిరుపాల్ మీద బెంగ పట్టుకుంది. తిండి సయించలేదు. అంచులో పోగులు తప్పుతున్నాయి. ఒకరోజు ఆరు కావస్తుండగా మగ్గం దిగి చొక్కా తొడుక్కున్నాడు.

"యాడికి పోతాండావు?" అంది భార్య కుళ్ళాయమ్మ.

"షాపు కాడికి. నేను తాగుతాండానని తెలిస్తే వాడూ వస్తాడు."

"మళ్ళీ మొదలుపెడతావా?"

"తాగకపోతే వాడు యాడ కనపడతాడు, చెప్పు?"

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

హనుమప్ప గోడ మీదికి చేయి చాపేలోపే గ్లాసు దిగి నడక మొదలుపెట్టింది. వేరే గ్లాసులో తాగడానికి మనసొప్పక అతనూ దాని వెనకే పోయాడు. షాపు మలుపు రాగానే ముక్కుకు బ్రాందీ వాసన తగిలింది. "ఏయ్, ఈ పక్క!" అన్నాడు. గ్లాసు మలుపు తిరగలేదు. నాలుగడుగులు ముందుకు పోయి ఆగింది. అది దారిలో ఆగడం ఎవరూ ఎన్నడూ చూడలేదు. హనుమప్ప షాపు వైపు ఒకసారి చూసి, గ్లాసు వెంట చర్చి వీధిలోకి నడిచాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ వీధిలో అడుగుపెట్టడం అదే మొదలు.

తిరుపాల్ ఇంటి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. మోచేతుల దాకా నీలం రంగు. గ్లాసు వెళ్ళి అలవాటుగా అతని ఒళ్ళోకి ఎక్కింది. వెనకాల హనుమప్పను చూసి అతను గ్లాసు చేత పట్టుకుని గబుక్కున లేచాడు.

"రాండన్నా. ఏమిట్లా వచ్చినారు?"

కానుగ చెట్టు కింద రేయ్ అని పిలిచిన నోరే అది. ఆ మర్యాద హనుమప్పకు చురుక్కుమంది.

ఇంతలో తిరుపాల్ భార్య నాగమణి అంగడికి పరుగెత్తి కూల్‌డ్రింకు తెచ్చింది. ఆ ఇళ్ళ నీళ్ళు ముట్టని పెద్దిళ్ళవాళ్ళు ఎవరొచ్చినా ఆ వీధిలో అదే పద్ధతి. "మూత తీయలేదన్నా, మీరే తీసుకోండి," అంది.

"వద్దమ్మా. మీ బిందెలో నీళ్ళు ఈ గ్లాసులో పొయ్యి," అన్నాడు హనుమప్ప, మెట్టు మీద కూర్చుంటూ.

నాగమణి భర్త వైపు చూసింది. అతను గ్లాసు ఆమెకిచ్చాడు. ఆమె నిండా పోసి తెచ్చింది. హనుమప్ప ఆగి ఆగి తాగి గ్లాసు అందించాడు. తిరుపాల్ దాన్ని నీలం చేతుల్లో పట్టుకుని లోపలికి తొంగి చూశాడు.

"సగం కంటే ఎక్కువే తాగినావు కదరా," అని మిగతాది తాగేశాడు.

ఏడు గంటలయింది. ఇంటికి పోవాల్సిన గ్లాసు ఇద్దరి మధ్యా మెట్టు మీద నుంచి కదల్లేదు. హనుమప్ప కూడా లేవలేదు.